జాతీయ రహదారి: ఎవరు ఎక్కవచ్చు, ఎక్కడ ఎక్కవచ్చు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

హైవే అంటే ఏమిటని అడిగితే మనలో ఎక్కువ మంది "పెద్ద రోడ్డు" అంటారు. సరే, హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి చూడండి. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి దిగాక అది మామూలు రెండు వరుసల రోడ్డు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేట్లు వేసేస్తారు. అయినా అది జాతీయ రహదారే, ఎన్‌హెచ్-765. ఇటు హైదరాబాద్ చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు చూడండి. ఎనిమిది వరుసలు, 158 కిలోమీటర్లు, కారు 120 వేగంతో పోవచ్చు. అది జాతీయ రహదారి కాదు, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేసిన రోడ్డు. కాబట్టి వెడల్పు సంగతి కాసేపు పక్కన పెడదాం.

చట్టం దృష్టిలో జాతీయ రహదారి అంటే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం షెడ్యూల్లో ఉన్న రోడ్డు, లేదా ఆ తర్వాత కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన రోడ్డు. అంతకుమించి చట్టం ఏమీ అనదు. ఇది యాజమాన్యానికి సంబంధించిన విషయం. గుంత పడితే ఎవరి డబ్బుతో పూడ్చాలి, పక్కన కొట్టు పెట్టుకోవాలంటే ఎవరిని అడగాలి అన్నది దీన్నిబట్టే తేలుతుంది. యజమాని కేంద్రమే అయినా పని చేయించేది కేంద్రం కిందున్న జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్ఏఐ కావచ్చు, రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ, అంటే ఆర్ అండ్ బీలోని ఎన్‌హెచ్ విభాగం కావచ్చు. మిగతా రోడ్లలో రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రోడ్లు ఆర్ అండ్ బీవి, పల్లె రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్‌వి. జాతీయ, రాష్ట్ర, జిల్లా ప్రధాన, జిల్లా ఇతర, గ్రామ రోడ్లు అన్న ఈ ఐదు మెట్లు 1943లో నాగపూర్‌లో తయారైన ప్రణాళిక నుంచి వచ్చాయి. ఎనభై ఏళ్లయినా ఆ చట్రం పెద్దగా మారలేదు.

ఏ రోడ్డు ఎవరిదో తెలుసుకోవడానికి ఆఫీసుకు పోనక్కర్లేదు. కిలోమీటరు రాయి నెత్తిన రంగు చూస్తే చాలు. పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నలుపో నీలమో అయితే జిల్లా రోడ్డు, నారింజ అయితే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు. గుంత గురించి అర్జీ రాసే ముందు ఆ రంగు చూసుకుంటే, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు తిరిగే శ్రమ చాలా తగ్గుతుంది.

అంకెల గురించి కూడా రెండు మాటలు. 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చారు. అప్పటిదాకా మనం ఐదో నంబరు, ఏడో నంబరు, తొమ్మిదో నంబరు అన్నవి 16, 44, 65 అయ్యాయి. పాత లారీ డ్రైవర్లు కొందరు ఇప్పటికీ "సెవెన్" అనే అంటారు. సరి అంకెలు ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్లవి, తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. అందుకే తూర్పు తీరం 16, మధ్యలో 44, పడమటి తీరం 66. బేసి అంకెలు తూర్పు పడమరలుగా పోయేవి, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. మచిలీపట్నం నుంచి విజయవాడ, సూర్యాపేట, హైదరాబాద్ మీదుగా పుణె పోయేది 65. మూడంకెలు ఉంటే అది కొమ్మ, చివరి రెండంకెలు దాని తల్లి నంబరు. నకిరేకల్ దగ్గర 65 నుంచి చీలేది 565, కత్తిపూడి దగ్గర 16 నుంచి విడిపోయి తీరం వెంట ఒంగోలు చేరేది 216.

ఇక అసలు విషయానికి వద్దాం. ఏ రోడ్డయినా రెండు పనులు చేస్తుంది. ఒకటి, మనిషినీ సరుకునూ దూరం దాటించడం. రెండు, ఇంటి గుమ్మం దాకా, చేను గట్టు దాకా, కొట్టు మెట్టు దాకా చేర్చడం. మొదటి పనికి వేగం కావాలి, మధ్యలో ఎవరూ అడ్డం రాకూడదు. రెండో పనికి ప్రతి పది అడుగులకూ ఆగే వీలుండాలి, ఎక్కడ పడితే అక్కడ ఎక్కనివ్వాలి, దిగనివ్వాలి. మన వీధి పూర్తిగా రెండో పనికి, ఔటర్ రింగ్ రోడ్డు పూర్తిగా మొదటి పనికి. ఒకే తారు మీద ఈ రెండు పనులూ పెట్టినచోట మనుషులు చనిపోతారు. జాతీయ రహదారి అన్న పేరు చట్టం ఇస్తుంది కానీ, దాన్ని ఇంజినీరు చూపులో హైవే చేసేది మాత్రం ఎవరు ఎక్కవచ్చు, ఎక్కడ ఎక్కవచ్చు అన్న కట్టడి. దాన్ని మా ఇంజినీర్లు యాక్సెస్ కంట్రోల్ అంటారు.

ఆ కట్టడి పూర్తిగా ఎలా ఉంటుందో ఔటర్ మీద కనిపిస్తుంది. ఇంటర్‌చేంజ్, అంటే ఎక్కడానికీ దిగడానికీ విడిగా కట్టిన దారులున్న కూడలి, దగ్గర తప్ప ఎక్కలేరు, దిగలేరు. బైకులకు, ఆటోలకు, పాదచారులకు ప్రవేశం లేదు. ఊళ్ల మధ్య తిరిగే బండ్లకు రెండు పక్కలా విడిగా సర్వీసు రోడ్లున్నాయి. అడ్డంగా పోవాలంటే కిందినుంచో పైనుంచో పోవాలి తప్ప, రోడ్డు మట్టాన దాటే చోటు ఒక్కటీ లేదు. యూటర్న్ అన్న మాటే లేదు. ఎక్స్‌ప్రెస్‌వే అంటే ఇది. మన నాలుగు వరుసల జాతీయ రహదారులు చాలావరకు ఈ కట్టడిని సగమే పాటిస్తాయి.

హైదరాబాద్ - విజయవాడ రోడ్డునే తీసుకోండి. మొదట రెండు వరుసల రోడ్డు. దాని పక్కనే చౌటుప్పల్, నార్కట్‌పల్లి, కట్టంగూరు వంటి ఊళ్లు పెరిగాయి. తర్వాత నాలుగు వరుసలు చేశారు. కొన్నిచోట్ల బైపాస్ వేశారు, కొన్నిచోట్ల ఊరి మధ్యనుంచే పోనిచ్చారు. రోడ్డుకు అవతల పొలం, ఇవతల ఇల్లు ఉన్న రైతు ఏం చేయాలి? మీడియన్‌లో, అంటే రోడ్డును రెండుగా విడగొట్టే మధ్య దిమ్మెలో, సందు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే ట్రాక్టరుతో అంత దూరం పోయి, తిరిగి అంతే దూరం వెనక్కి రావాలి. ఎవరూ పోరు. రాంగ్ రూట్‌లో అంచు పట్టుకుని వస్తారు. లేదంటే ఊరివాళ్లు మీడియన్ రాళ్లు పీకి బైకు పట్టేంత సందు చేసుకుంటారు. ధాబాల ముందు, పెట్రోలు బంకుల ముందు ఇలాంటి సందులు ఎన్నో చూస్తాం. ఆ సందు గురించి హెచ్చరిక బోర్డు ఉండదు, మలుపు తిరిగే బండి నిలబడటానికి విడి వరుస ఉండదు. మీడియన్‌లో పెంచిన గన్నేరు, కాగితం పూల చెట్ల చాటున నిలబడ్డ బైకు, 100 వేగంతో వచ్చే కారు డ్రైవరుకు కనిపించనే కనిపించదు. రైతును తిట్టడం తేలిక. సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ లేకుండా మీడియన్ మాత్రం కట్టేసిన డిజైనుకు కూడా ఆ తిట్లలో వాటా ఉందని నా అభిప్రాయం.

అండర్‌పాస్ కట్టినా సమస్య తీరిందనుకోకండి. ఎత్తు చూడాలి. పెద్ద వాహనాలకైతే 5.5 మీటర్లు ఉండాలి, చిన్న వాహనాలదైతే 4 మీటర్లు. వరిగడ్డి ఎత్తుగా కట్టిన ట్రాక్టరు, ట్రాలీ మీద ఎక్కించిన కోత మిషన్ ఆ 4 మీటర్లలో పట్టకపోతే మళ్లీ పైకే ఎక్కుతాయి. ఇంకొకటి, ఖర్చు తగ్గించడానికి కట్ట ఎత్తు పెంచకుండా అండర్‌పాస్ నేలను ఊరి మట్టం కన్నా కిందికి దించుతారు. కాల్వకు వాటం దొరకదు. వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అప్పుడు జనం హైవే మీదికి ఎక్కక ఏం చేస్తారు? మీ ఊరి దగ్గర అండర్‌పాస్ ప్రతిపాదన వస్తే ప్రజాభిప్రాయ సేకరణలో అడగాల్సినవి రెండే: ఎత్తు ఎంత, నీళ్లు ఎటు పోతాయి.

ఇప్పుడు వేగం లెక్క చూద్దాం. కేంద్రం 2018లో ప్రకటించిన పరిమితుల ప్రకారం కారుకు ఎక్స్‌ప్రెస్‌వే మీద 120, మీడియన్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 100, ఊళ్లలో, ఇతర రోడ్ల మీద 70. ఇవి గరిష్ఠం. స్థానికంగా ఇంకా తగ్గించవచ్చు. ఈ 100 అన్న అంకె రోడ్డు ఆకారాన్నే మార్చేస్తుంది.

ఎలాగంటే, అడ్డం కనిపించాక డ్రైవరు తేరుకుని బ్రేకు మీద కాలు వేయడానికి రెండున్నర సెకన్లు లెక్కిస్తాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఆ రెండున్నర సెకన్లలోనే బండి 70 మీటర్లు పోతుంది, బ్రేకు ఇంకా పడలేదు. పడ్డాక ఆగడానికి ఇంకో 110 మీటర్లు. మొత్తం 180 మీటర్లు. అదే 40 వేగంలో 45 మీటర్లు చాలు. వేగం రెండున్నర రెట్లయితే దూరం నాలుగు రెట్లయింది. కాబట్టి హైవే మీద ఏ బిందువు దగ్గర నిలబడినా ముందు 180 మీటర్ల రోడ్డు కనిపించాలి. మలుపు లోపలి వైపు గుట్ట ఉంటే తొలచాలి, వంతెన ఎక్కే గూని నిదానంగా లేవాలి, మీడియన్‌లో చెట్టు ఉంటే కొమ్మలు కొట్టాలి. రాత్రిపూట డిప్ లైటు వెలుగు పనికొచ్చేది సుమారు యాభై అరవై మీటర్ల దాకానే. లైట్లు, రేడియం స్టిక్కర్లు లేకుండా అంచున ఆపిన లారీని 100 వేగంతో వచ్చే కారు వెనకనుంచి ఎందుకు గుద్దుతుందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. "డ్రైవరు నిద్రమత్తు" అని రాసేస్తాం. నిద్ర లేకపోయినా ఆగలేడు.

మలుపు లెక్క కూడా ఇంతే. 100 వేగానికి మలుపు వ్యాసార్ధం కనీసం 360 మీటర్లు ఉండాలి, అదీ రోడ్డు బయటి అంచును ఏడు శాతం వాలుతో ఎత్తితేనే. 40 వేగానికి 60 మీటర్లు సరిపోతుంది. పాత రోడ్డును వెడల్పు చేసి హైవే అని పేరు పెట్టినచోట కొన్ని మలుపులు పాతవే మిగిలిపోతాయి. డ్రైవరుకు కనిపించేది నున్నటి నాలుగు వరుసల రోడ్డు, మలుపు మాత్రం బస్సులు 50లో పోయే కాలం నాటిది. మరమ్మతులప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. మలుపు మీద పాత తారు పైనే కొత్త పొర పరిచేటప్పుడు లెవెల్ చూసుకోకపోతే బయటి అంచు ఎత్తు పోయి, వాలు సగమైపోతుంది. ఎత్తుగా లోడు వేసుకొచ్చిన లారీ అక్కడే బోల్తా పడుతుంది. అలాగే రెండు మూడు సార్లు పొరలు వేశాక పక్కనున్న ఇనుప క్రాష్ బ్యారియర్ రోడ్డు మట్టంతో పోలిస్తే కురచైపోతుంది. బ్యారియర్‌ను పైకి లేపడం అంచనాల్లో ఉందో లేదో కాంట్రాక్టు కాగితాల్లో చూడాలి, చాలాసార్లు మరచిపోతారు.

వెడల్పుల గురించి క్లుప్తంగా చెబుతాను. హైవే మీద ఒక వరుస 3.5 మీటర్లు. రెండు వరుసల జాతీయ రహదారికి 7 మీటర్ల తారు, రెండు పక్కలా మరో ఒకటిన్నర మీటరు చొప్పున తారు వేసిన భుజాలు, అంటే అంచు పట్టీలు, మొత్తం 10 మీటర్లు. పల్లె రోడ్డు మొత్తమే 3.75 మీటర్లు, ఒక్కోచోట 3 మీటర్లే. నాలుగు వరుసల రోడ్డుకు సేకరించే స్థలం మామూలుగా 60 మీటర్లు. అందులో తారు కనిపించేది సగం లోపే. మిగతాది కట్ట వాలు, కాల్వలు, సర్వీసు రోడ్డు, రేపు ఆరు వరుసలు చేయడానికి చోటు. ఆ ఖాళీని చూసే కొట్లవాళ్లు ముందుకొస్తారు.

ఇక రోడ్డు కడుపులో ఏముందో చూద్దాం. హైవేకూ పల్లె రోడ్డుకూ అసలు తేడా ఇక్కడ దాగి ఉంటుంది. పైనుంచి రెండూ నల్లగానే కనిపిస్తాయి.

కట్ట మట్టిని 200 మిల్లీమీటర్లు మించని పొరలుగా వేసి, తగినంత తేమ పట్టించి, రోలర్‌తో తొక్కిస్తారు. కట్టలో ప్రతి పొరా ప్రయోగశాలలో వచ్చే గరిష్ఠ సాంద్రతలో కనీసం 95 శాతం, పై అరమీటరు పొర 97 శాతం చేరాలి. ఆ పై అరమీటరునే సబ్‌గ్రేడ్ అంటాం. దాని బలం సీబీఆర్ అనే కొలతలో హైవేలకు మామూలుగా 8 శాతం దాకా ఉండేలా చూస్తారు. నల్లరేగడి మట్టి అయితే ఆ కొలత రెండు మూడు శాతం కూడా రాదు, పైగా వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. దాన్ని తీసేసి మంచి మొరం తెచ్చి వేయాలి, లేదా సున్నం కలిపి గట్టిపరచాలి. తారు రోడ్డు మీద అంచుకు సమాంతరంగా పొడుగ్గా చీలిక కనిపిస్తే, కింద రేగడి కదులుతోందేమో ముందుగా అనుమానించాలి. పైన ఎన్ని సార్లు తారు పోసినా ఆ చీలిక మళ్లీ వస్తుంది.

సబ్‌గ్రేడ్ మీద జీఎస్‌బీ అనే మొరం - కంకర పొర, 150 నుంచి 200 మిల్లీమీటర్లు. దీని పని సగం బరువు మోయడం, సగం నీళ్లు బయటకు పంపడం. అందుకే ఈ పొరను కట్ట వాలు దాకా పూర్తి వెడల్పున పరిచి, చివర తెరిచి ఉంచాలి. చాలామంది సైటులో దాన్ని తారు అంచు దాకానే పరిచి, పక్కన మట్టి గట్టు వేసి మూసేస్తారు. పగుళ్ల నుంచి దిగిన నీటికి బయటకు దారి ఉండదు. తారు కింద తడి నిలిచి, ప్రతి లారీ చక్రం కింద నలిగి, సన్న మట్టి పగుళ్ల లోంచి బురదగా పైకి కక్కుతుంది. రోడ్డు మీద తెల్లటి, పసుప్పచ్చటి మరకలతో పగుళ్లు కనిపిస్తే అర్థం ఇదే.

దాని మీద వెట్‌మిక్స్, అంటే రకరకాల సైజుల కంకర, డస్టు కొలత ప్రకారం ప్లాంటులో నీళ్లతో కలిపి పేవర్ అనే పరిచే యంత్రంతో వేసేది, దాదాపు 250 మిల్లీమీటర్లు. అది ఆరాక మీద ప్రైమ్ కోటు, చదరపు మీటరుకు ముప్పావు కిలో నుంచి కిలో ఎమల్షన్, అంటే నీళ్లలో కలిపిన పలచటి తారు. తర్వాత డీబీఎం అనే మందపాటి తారు కంకర పొర, ట్రాఫిక్‌ను బట్టి 50 నుంచి 100 మిల్లీమీటర్లు, ఇంకా పైన కూడా ఉండవచ్చు. అన్నిటికన్నా పైన బీసీ, 40 మిల్లీమీటర్ల చిక్కటి తారు పొర. రెండు తారు పొరల మధ్య అవి అతుక్కోవడానికి చల్లే ట్యాక్ కోటు, చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాములు. ఈ ట్యాక్ కోటు చల్లినప్పుడు గోధుమ రంగులో ఉండి, నీరు విడిపోయాక నల్లబడుతుంది. నల్లబడకముందే పేవర్ తోలేస్తే పొరలు అతుక్కోవు. బస్సు బ్రేకు వేసే చోట, టోల్‌గేటు ముందు, పై పొర దుప్పటిలా ముడతపడి జరిగిపోతుంది.

వేడి గురించి కూడా గట్టిగా చెప్పాలి. బరువైన ట్రాఫిక్ ఉండే హైవేలకు వాడే వీజీ-40 అనే గట్టి రకం తారు అయితే, పరిచేటప్పుడు మిశ్రమం 150 డిగ్రీలకు తగ్గకూడదు, 100 డిగ్రీల కిందికి దిగేలోపు రోలింగ్ అయిపోవాలి. హాట్‌మిక్స్ ప్లాంటు దూరమై, టిప్పర్ మీద తాడిపత్రి కప్పకుండా చలికాలం పొద్దున్నే తెస్తే దారిలోనే వేడి పోతుంది. అప్పుడు ఎన్ని సార్లు రోలర్ తిప్పినా గాలి సందులు మిగులుతాయి. ఆ సందుల్లో నీళ్లు చేరి, తొలి వానాకాలానికే కంకర రాలుతుంది. సైటులో థర్మామీటరు గుచ్చి చూడటం రెండు నిమిషాల పని. మరీ ఎక్కువ వేడి చేసినా చెరుపే, తారు మాడి పెళుసైపోతుంది.

సిమెంటు హైవేలో సిమెంటు తక్కువ వేసిన 150 మిల్లీమీటర్ల కాంక్రీటు మీద 300 మిల్లీమీటర్ల దాకా ఎం-40 అనే బలమైన కాంక్రీటు పలక ఉంటుంది. దాదాపు నాలుగున్నర మీటర్లకో అడ్డ గాడి కోస్తారు. ఆ కోత సమయం తప్పితే, అంటే ఎండాకాలం నాలుగైదు గంటలు దాటనిస్తే, పలక తనకు నచ్చినచోట తానే చీలుతుంది.

ఇన్ని పొరలు ఎందుకు? ఇరుసు బరువు కోసం. రోడ్డును నలిపేది బండ్ల సంఖ్య కాదు, ఇరుసు మీది బరువు. నష్టం బరువుకు నాలుగో ఘాతంగా పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం రెండు రెట్లు కాదు, 16 రెట్లు. లెక్కకు ప్రామాణికంగా 8.16 టన్నుల ఇరుసును తీసుకుంటాం. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు చట్టం ఒప్పుకునే బరువును 2018లో 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచారు. దాంతో ఆ ఇరుసు ఒక్కసారి దాటితే జరిగే నష్టం, ప్రామాణిక ఇరుసుతో పోలిస్తే, దాదాపు రెండున్నర రెట్ల నుంచి నాలుగు రెట్లకు పెరిగింది. అదే ఇరుసు 15 టన్నులతో పోతే పదకొండు రెట్లకు పైనే. కారు ఇరుసు సుమారు 700 కిలోలు అనుకుంటే, ఒక ప్రామాణిక లారీ ఇరుసు చేసే నష్టానికి కారు ఇరుసులు పద్దెనిమిది వేలకు పైగా దాటాలి. మన కార్లు రోడ్డును పాడుచేయడం లేదని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇప్పుడు పల్లె రోడ్డు కడుపు చూడండి. కొంత జీఎస్‌బీ, 150 మిల్లీమీటర్ల కంకర, పైన 20 మిల్లీమీటర్ల పలచటి తారు, దాని మీద నీళ్లు దిగకుండా సీల్ కోటు. ట్రాక్టర్లు, ఆటోలు, రోజుకు రెండు బస్సులు, ఎప్పుడో ఒక లారీ లెక్కతో వేసింది. దాని మీదుగా వాగు నుంచి ఇసుక టిప్పర్లు, క్వారీ నుంచి గ్రానైటు దిమ్మెల లారీలు పోవడం మొదలైతే, పదేళ్లు నిలవాల్సిన రోడ్డు ఒక సీజన్‌లో గాడులు పడుతుంది. అప్పుడు కాంట్రాక్టరును తిడతాం. కాంట్రాక్టరు దొంగే కావచ్చు, ఆ రోడ్డు మాత్రం నిజాయితీగా వేసినా నిలిచేది కాదు. టోల్ తప్పించుకోవడానికి లారీలు పక్క ఊళ్ల మీదుగా తిరిగేచోట కూడా జరిగేది ఇదే. ఆ నష్టం పంచాయతీరాజ్ ఖాతాలో పడుతుంది.

టోల్ అన్నాను కాబట్టి చెబుతాను. 2008 ఫీజు నిబంధనల ప్రకారం మామూలుగా రెండు ప్లాజాల మధ్య 60 కిలోమీటర్లు ఉండాలి. 65 మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అలా వచ్చినవే. 24 గంటల్లో తిరిగొస్తే రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లే. ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెలవారీ పాసు ఉంది. చాలామంది అడగరు కాబట్టి దొరకదు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. 200 ట్రిప్పులకు 3,000 రూపాయల వార్షిక పాసు 2025 ఆగస్టు 15న మొదలైంది. అది జాతీయ రహదారులకు, కేంద్రం కిందున్న ఎక్స్‌ప్రెస్‌వేలకు మాత్రమే, మన ఔటర్ మీద చెల్లదు. ఇందాక చెప్పిన యాజమాన్యం తేడా జేబుకు తెలిసేది ఇక్కడే.

"హైవే ఫేసింగ్" అని చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్ల గురించి ఒక హెచ్చరిక. 2002లో వచ్చిన జాతీయ రహదారుల నియంత్రణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా హైవే మీదికి దారి తెరిచే హక్కు పక్క స్థలం యజమానికి లేదు. స్థలం ఆనుకుని ఉన్నంత మాత్రాన గేటు పెట్టుకోలేరు. ఊళ్ల బయట రోడ్డు మధ్య గీత నుంచి 40 మీటర్ల దాకా కట్టడాలు ఉండకూడదు, 75 మీటర్ల దాకా కట్టడాల మీద నియంత్రణ ఉంటుంది. కొనేముందు టేపు పట్టి కొలవండి, కొలత తారు అంచు నుంచి కాదు, మధ్య గీత నుంచి. గెజిట్‌లో 1956 చట్టం సెక్షన్ 3ఏ కింద నోటిఫికేషన్ వచ్చిందేమో కూడా చూసుకోండి. భూమి తీసుకోబోతున్నామని చెప్పేది అది. దానికి అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే గడువు. 3డీ ప్రకటన వచ్చిందంటే ఆ భూమి అప్పటికే కేంద్రానిది, ఆ తర్వాత మిగిలేది పరిహారం లెక్క మాత్రమే.

ప్రమాదాల అంకెలు చెప్పకుండా ఉండలేను. దేశంలో 63 లక్షల కిలోమీటర్ల రోడ్లుంటే జాతీయ రహదారులు దాదాపు 1.46 లక్షలు, అంటే రెండు శాతం చిల్లర. 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీదే. నూటికి 36 మంది. ట్రాఫిక్‌లో నలభై శాతం ఈ రోడ్లే మోస్తాయి కదా అని సర్దిచెప్పవచ్చు. కానీ వేగం కోసం కట్టిన రోడ్డు మిగతావాటికన్నా సురక్షితంగా ఉండాలి, వాటితో సమానంగా చంపకూడదు. అయిదు వందల మీటర్ల ముక్కలో మూడేళ్లలో ప్రాణాంతక, తీవ్ర గాయాల ప్రమాదాలు అయిదు జరిగినా, పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. 65 మీది బ్లాక్ స్పాట్ల దగ్గర ఆగి చూస్తే, ఎక్కువచోట్ల ఊరి రోడ్డు నేరుగా వచ్చి కలిసే కూడలో, మీడియన్‌లో సందో కనిపిస్తుంది.

రాత్రి నడిపేవాళ్లకు ఒక చిన్న సంగతి. రోడ్డులో దిగేసిన మెరిసే స్టడ్ల రంగులు చూసుకోండి. ఎడమ అంచున ఎరుపు, కుడివైపు మీడియన్ పక్కన పసుపు, లేన్ల మధ్య తెలుపు, పక్కదారి చీలేచోట ఆకుపచ్చ. పొగమంచులో ఎడమవైపు ఎరుపు బదులు పసుపు కనిపిస్తోందంటే మీరు రాంగ్ రూట్‌లో ఉన్నారేమో చూసుకోవాలి.

హైవే మీద గుంత ఉన్నా, ఆగిన లారీ ఉన్నా, ప్రమాదం జరిగినా 1033కు ఫోన్ చేయవచ్చు. చేసినప్పుడు "ఫలానా ధాబా దాటాక" అంటే అవతల కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకు తెలియదు. పసుపు రాయి మీది కిలోమీటరు అంకె చెప్పండి. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకొకటి చిన్న రాయి ఉంటుంది, దాని మీద 2, 4, 6, 8 అని రాసి ఉంటుంది. "ఎన్‌హెచ్-65, కిలోమీటరు 84, 6 అంకె ఉన్న రాయి, విజయవాడ వైపు వెళ్లే పక్క" అన్నారనుకోండి, అంబులెన్సు ఏ పక్క నుంచి రావాలో ఆ ఒక్క వాక్యంతో తేలిపోతుంది. పక్క చెప్పకపోతే అవతలి పక్కకు వచ్చి, మీడియన్‌కు అటు నిలబడి చూడాల్సి వస్తుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.